ఎముకల గవి దగ్గర కేక

ఇట్లా దగ్గరికి జరగండి నాయనా. ఆ మూల కూర్చున్నవాళ్లు కూడా రండి, ఈ కంబళి అందరికీ సరిపోతుంది. ఇది జరిగిపోయిన కథ కాదు, ఇంకా జరగాల్సిన కథ. అయినా జరిగినట్టే చెబుతాను. అలాగైతేనే నాకు నోరు తిరుగుతుంది, మీకు నమ్మకం కుదురుతుంది.

నల్లమల కొండలు కర్నూలు వైపు దిగి దిగి, ఇక అడవి చాలనుకుని చేలుగా మారే చోట గొర్లకుంట అని ముప్పై ఇళ్ల ఊరుంది. అందరూ గొర్లు కాసుకునేవాళ్లే. ఊరి వెనక గట్టులో ఒక గవి. గవి అంటే గుహ. లోపల మట్టి తవ్వితే ఎముకలే బయటపడతాయని దానికి ఎముకల గవి అని పేరు.

ఆ ఊళ్లో ఒక కట్టడి ఉంది. గట్టు మీదో చేలోనో ఎవరైనా "హోయ్ హోహో" అని కేక వేస్తే, విన్నవాళ్లు ఆ కేక అందుకోవాలి. ఎందుకని అడగకూడదు. ఎవరని చూడకూడదు. ముందు అందుకోవాలి, తర్వాత పరుగెత్తాలి. ముద్ద నోట్లో ఉంటే ఉమ్మేసి మరీ అందుకుంటారు. పగవాడి కేకయినా సరే. ఈ కట్టడి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఆ ఊళ్లో సుంకులమ్మ అని ఒకామె. కొడుకు బీరప్ప, కోడలు మాదేవి, ఆరేళ్ల మనవరాలు ఉరుకుందమ్మ. పిల్లను ఉరుకుందీ అని పిలుస్తారు. ఆ పిల్లకు భయం లేదు.

ధైర్యం ఎక్కువని అనుకునేరు. ధైర్యవంతుడికి భయం ఉంటుంది, దాన్ని అణుచుకుంటాడు. ఈ పిల్లకు అణుచుకోవడానికి కూడా లేదు. తేలును తోక పట్టి ఎత్తి, "అవ్వా, సూడు, ఎట్ల మెలికలు తిరుగుతాందో" అని తెచ్చి చూపించేది. బావి గట్టున కూర్చుని కాళ్లు లోపలికి ఊపేది. బడిలో సారు బెత్తం ఎత్తితే, "ఇది యాప బరికె కదా సార్, విరిగిపోతాది. చింతబరికె తెచ్చేదా?" అని అడిగింది. పీర్ల పండక్కి పులివేషం వచ్చి గాండ్రిస్తే పిల్లలందరూ ఏడ్చుకుంటూ అరుగులెక్కారు. ఇది మాత్రం పులి తోక పట్టుకుని, "అన్నా, చెమట పడితే నీ రంగు పోదా?" అంది. ఆ పులి పాపం ఆట మరిచిపోయి నిలబడిపోయింది.

నవ్వండి, నవ్వండి. ఊరు కూడా నవ్వింది. సుంకులమ్మకు మాత్రం నవ్వు రాలేదు. పొయ్యిలో నిప్పు పట్టుకుని మూడు వేళ్లు కాలిన రోజు ఆ పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. నొప్పి తెలుసు దానికి. మర్నాడు మళ్లీ అదే నిప్పు దగ్గరికి పోయి చెయ్యి చాపింది. నొప్పి గుర్తుంది, కానీ ఆ గుర్తు చేతిని ఆపలేదు.

ఆ రోజు నుంచి సుంకులమ్మ దానికి ఒక పాఠం మొదలుపెట్టింది. "ఏదన్నా ముట్టుకునే ముందర నా మొఖం సూడు. నా మొఖం మారిందంటే నిలబడిపో. అడుగెయ్యొద్దు. తెలిసిందా?" తేలు చూపించి ముఖం పెట్టేది, ఎద్దు కొమ్ము చూపించి ముఖం పెట్టేది. పిల్ల చురుకైనది, పట్టేసింది. నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి అవ్వ ముఖం చూసి మళ్లీ నడిచేది. అందరు పిల్లలకూ కంచె లోపలుంటే, ఈ పిల్లకు కంచె అవ్వ ముఖం. ముసలి ముఖం ఎన్నాళ్లుంటుంది? ఈ దిగులుతో సుంకులమ్మకు ముద్ద దిగేది కాదు.

పిల్ల అట్లా ఎందుకు పుట్టిందో లోకంలో ఒక్క మనిషికే తెలుసు. అది సుంకులమ్మకే.

*

ఏడేళ్లు వెనక్కి పోదాం. ఎముకల గవి కింద రేకుల షెడ్డు వేసుకుని డాక్టర్ శేషరత్నం అనే ఆమె పరిశోధన చేస్తోంది. ఊరికి ఆమె రత్నం మేడమ్. సుంకులమ్మ ఆ షెడ్డులో ఊడ్చి, సీసాలు కడిగి పెట్టేది. ఇద్దరిదీ ఒకే ఈడు. ఒకామె పది దేశాల చదువు చదివింది, ఇంకొకామె వేలిముద్ర. అయినా మధ్యాహ్నం టీ ఇద్దరూ ఒకే గడప మీద కూర్చుని తాగేవాళ్లు.

ఒకనాడు మేడమ్ ఒక చిన్న పుర్రె తెచ్చి చూపించింది. బిడ్డ పుర్రె. వెనకవైపు రెండు చిల్లులు. ఒక చిరుత దవడ తీసి ఆ కోరలను చిల్లుల్లో పెట్టింది. తాళంలో తాళంచెవి కూర్చున్నట్టు కూర్చున్నాయి.

"అయ్యో! నోట కరుచుకోని పోయిందా మేడమ్మా?"

"అవును సుంకులమ్మా. ఎన్ని వేల ఏళ్ల కిందటో. గవిలో కింది మట్టి నిండా ఇవే, మనుషుల ఎముకల మీద చిరుత పంటి గాట్లు. పై మట్టిలో చూస్తే తిరగబడింది. చిరుత ఎముకల మీద రాతికత్తి గాట్లు. కింద అది మనల్ని తింది, పైన మనం దాన్ని తిన్నాం. రెంటికీ మధ్య జానెడు మట్టి. ఆ జానెడులో ఏం జరిగింది? మనకు కోర మొలవలేదు, పంజా పెరగలేదు, పరుగు రాలేదు."

"ఆ జానెడులో ఏముండాది?"

"గుప్పెట్లో పట్టే గుండ్రాళ్లు. గవి వాకిట్లో వంపుగా పేర్చి ఉన్నాయి. ఇంకేం లేవు."

మేడమ్ దానికి భయమే కారణమనుకుంది. గట్టిగా భయపడినవాళ్లే బతికారు, వాళ్ల భయమే మనకు వచ్చింది. మెదడులో బాదంపప్పంత చోటుంది, ఆ భయం కాపురముండేది అక్కడ. ఇప్పుడు పులులు పోయినా అది వట్టిగా మండుతూ మనుషులను కాలుస్తోంది. అందుకని ఆమె ఒక మందు చేసింది. ఒక్క సూది. వేస్తే ఆ బాదంపప్పు రెండు నెలలు నిద్రపోతుంది. ఈలోపు జడుసుకున్న మనిషి తేరుకుంటుంది. ఊళ్లో దానికి జడుపుమందు అని పేరు పడింది.

ఆ రోజుల్లోనే మాదేవి కళ్ల ముందు చిరుత బీరప్ప మీద పడింది. కేక అందుకుని ఊరు ఉరికింది కాబట్టి మనిషి దక్కాడు, ఎడమ చెయ్యి దక్కలేదు. బీరప్ప నెలకు లేచి మందకు పోయాడు. మాదేవి లేవలేదు. పిల్లి నీడ కనిపిస్తే కెవ్వుమనేది. అన్నం లేదు, నిద్ర లేదు, కట్టెపుల్లయింది.

మేడమ్ సూది వేస్తానంది. ఒక్కటే షరతు. కడుపుతో ఉన్నవాళ్లకు వేయకూడదు. సీసాలో మూత్రం పట్టి పరీక్ష చేయాలి.

మాదేవికి అప్పటికి రెండో నెల. ముందు రెండు కాన్పులు నిలవలేదు. మూడో నెల నిండేదాకా కడుపు సంగతి బయటపెడితే దిష్టి తగులుతుందని వాళ్ల ఇంటి కట్టడి. ఆ సంగతి చెబితే దిష్టి, పైగా సూది వేయరు. సూది వేయకపోతే మనిషే దక్కదు. సుంకులమ్మ ఇటు చూసింది, అటు చూసింది. "నువ్వు నోరు తెరవొద్దు, నేను సూసుకుంటా" అని కోడలితో చెప్పింది. సీసాలు కడిగేది ఆమే కదా. మాదేవి పేరు రాసిన సీసాలో తనది పట్టి ఇచ్చింది.

కడుపు లేదని తేలింది. సూది పడింది. వారానికే మాదేవి లేచి కూర్చుని సంగటి అడిగింది. "మందు మంచిదే మేడమ్మా" అని సుంకులమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"మంచిదే కానీ, మీ కోడలికి కొంచెం షుగర్ ఉంది. తీపి మానిపించు," అంది మేడమ్.

సుంకులమ్మ సరేనని తల ఊపింది. మాదేవి ఆనాటి నుంచి టీలో బెల్లం మానేసింది.

పుట్టింట్లో కాన్పయింది. సూది పడ్డాక నిలిచిన కడుపని, ఏడో నెలకే పుట్టిందని మేడమ్‌కు చెప్పారు. మూడు నెలలు బిడ్డను చూపించలేదు. తల్లిలో ఆ చోటు రెండు నెలలు పడుకుని లేచింది. కడుపులో బిడ్డకు ఆ చోటు అప్పుడప్పుడే ఊపిరి పోసుకుంటోంది. అది పడుకున్నది మళ్లీ లేవలేదు.

*

ఇక మేడమ్ సంగతి. ఉరుకుందికి వైర్లు తగిలించి తెర మీద పాములను చూపించింది, కొండచరియలను చూపించింది. యంత్రంలో గీత తీగలాగ సాపుగా పోయింది, కొంచెం కూడా లేవలేదు. మేడమ్ కాగితాలన్నీ తిరగేసింది. సూది వేసిన నాటికి కడుపు లేదని అందులో రాసి ఉంది. మరి ఇది మందు వల్ల కాదు. పుట్టుక వల్లే.

"సుంకులమ్మా, మనిషి ఇంకా మారుతూనే ఉన్నాడు," అని ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "తోక అవసరం లేక తోక పోయింది. పులులు పోయాయి, ఇక భయం కూడా పోతోంది. నీ మనవరాలు రాబోయే మనుషులకు తొలి మొలక. దీని మీద పుస్తకం రాస్తున్నాను. లోకమంతా చదువుతుంది."

సుంకులమ్మ చేతిలో టీ చల్లారిపోయింది.

"ఇంకో మంచి మాట," అంది మేడమ్. "వచ్చే నెల నుంచి జడుపుమందు అన్ని ఊళ్ల ఆసుపత్రులకూ పోతోంది. ఆ సీసా పరీక్ష కూడా తీసేస్తున్నాం. ఇన్నేళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు కదా."

చెప్పాలని సుంకులమ్మ నోరు తెరిచింది. చెబితే ఏమవుతుంది? పిల్లను పట్నం తీసుకుపోయి గాజుగదిలో పెడతారేమో. మేడమ్ పుస్తకం మట్టిలో కలుస్తుంది. కోడలు ముఖం చూడదు. తెరిచిన నోరు టీ తాగడానికన్నట్టు గ్లాసుకు ఆనించింది.

ఆ మర్నాడు పొద్దున సంగతి. మేడమ్ గవి వాకిట్లో జల్లెడతో మట్టి జల్లిస్తోంది. పిల్ల మణికట్టుకు గడియారంలాంటి పట్టీ కట్టింది. గుండె ఎప్పుడెట్లా కొట్టుకుందో అది రాసుకుంటుంది. పిల్ల పాత గుండ్రాళ్ల పక్కన కూర్చుని కాళ్లాడిస్తోంది. సుంకులమ్మ కాస్త కిందుగా నడుం వంచి కొడవలితో గడ్డి కోస్తోంది. ఇంకా దిగువన బీరప్ప మంద. మాదేవి మొగుడికి సద్ది పట్టుకుని గట్టెక్కుతోంది.

"హోయ్... హోహో!"

సన్నటి గొంతు. సుంకులమ్మకు ముందు అర్థం కాలేదు. ఆ గొంతు నుంచి ఆ కేక ఆమె ఎన్నడూ వినలేదు. నడుం ఎత్తి చూసింది. మనవరాలు లేచి నిలబడి ఉంది. పిల్ల ముఖం మారి ఉంది. ఆరేళ్లలో మొదటిసారి ఆ ముఖం మారింది.

నా మొఖం మారిందంటే నిలబడిపో, అడుగెయ్యొద్దు. తను నేర్పిన పాఠం తనకే గుర్తొచ్చి సుంకులమ్మ రాయిలా నిలబడిపోయింది. పరుగెత్తి ఉంటే కథ అక్కడే అయిపోయేది. పరుగెత్తేదాని మీదే చిరుత దూకుతుంది.

పిల్ల ఒక గుండ్రాయి గుప్పెట్లో పట్టుకుని దిగి వచ్చి, అవ్వ వీపుకు వీపు ఆనించి నిలబడింది. అప్పుడు వినిపించింది సుంకులమ్మకు, వెనక ఎండుగడ్డిలో ఒక గుర్రుమనే చప్పుడు. పైన మేడమ్ జల్లెడ పట్టుకుని అట్లాగే చూస్తోంది.

"హోహో!" అని పిల్ల మళ్లీ అరిచింది. దిగువ నుంచి బీరప్ప అందుకున్నాడు. మాదేవి సద్దిమూట కింద పడేసి అందుకుంది. ఒకనాడు పిల్లి నీడకు వణికిన మాదేవి అడుగు వెనక్కి వేయలేదు. ఊళ్లో రోలు దగ్గరివాళ్లు, మంచంలో ఉన్నవాళ్లు, బడిలో సారుతో సహా పిల్లలందరూ అందుకున్నారు. ఆ కేక గవిలో దూరి నూరింతలై బయటికి వచ్చింది. పిల్ల రాయి విసిరింది. అది తగిలిందో లేదో తెలియదు. గడ్డి ఒక్కసారి ఊగింది. చిరుత గట్టు దాటిపోయింది.

*

అందరూ వచ్చారు. తాకి చూశారు, తిట్టారు, నీళ్లు తాగించారు. మేడమ్ పిల్ల పట్టీ విప్పి చిన్న తెరకు తగిలించింది. సాపుగా పోయే గీత ఒక్కచోట కొండలా లేచి ఉంది.

"ఉరుకుందీ, దాన్ని ఎప్పుడు చూశావమ్మా?" అని అడిగింది.

"సానాసేపయ్యింది. నువ్వు టీ తాగేటప్పుడే. బండ మీద పండుకోని మీసాలు ఆడిస్తాండె. ఎంత బాగుండెనో!"

"మరి అప్పుడెందుకు అరవలేదు?"

"అప్పుడది నన్ను సూస్తాండె," అంది పిల్ల. "తర్వాత అవ్వను సూసింది."

మేడమ్ మళ్లీ తెర చూసింది. చిరుత తనను చూస్తున్నంతసేపూ పిల్ల గీత నిద్రపోయి ఉంది. తన కోసం భయపడే చోటు ఖాళీ. ఇంకొకరి కోసం భయపడే చోటు వేరే ఎక్కడో ఉంది, దాని జోలికి మందు పోలేదు. ఇన్నేళ్లూ పిల్ల ఒక్కదాన్నే గదిలో కూర్చోబెట్టి పరీక్షించింది కాబట్టి అది కనపడలేదు.

పిల్ల తన చేతులు ముందుకు చాచి వింతగా చూసుకుంటోంది.

"అవ్వా, ఇవి ఎందుకిట్ల ఆడతాండాయి?"

"జడుపు తల్లీ అది."

"ఇది నాదా?"

సుంకులమ్మ ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. "నాది. నీకొచ్చింది."

"మళ్ల నువ్వే తీసుకుంటావా?"

"తీసుకోను. నీ దగ్గరే పెట్టుకో."

ఆ మాట అంటుండగానే సుంకులమ్మకు తన సంగతి గుర్తొచ్చింది. ఆరేళ్ల పిల్ల చూసింది, కేక వేసింది. మరి తను? కళ్లారా చూసి ఇన్నేళ్లు నోరు మూసుకుంది. ఎవరి బిడ్డలో, ఏ ఊళ్లో, ఏ బావి గట్టున కూర్చుని కాళ్లాడిస్తున్నారో.

"మేడమ్మా, నేనొక కేక మింగినా," అంది. "ఆ సీసాలోది మాదేవిది కాదు. నాది. దానికి అప్పుడు రెండో నెల. ఏడో నెల పిల్ల అన్నది అబద్ధం."

మేడమ్ అక్కడే మట్టిలో కూర్చుండిపోయింది.

"నన్ను మోసం చేశావు సుంకులమ్మా."

"చేసినా."

"ఊరూరికీ పంపుతున్నాను ఆ మందు."

"అందుకే చెప్పినా. పిల్లను తీసకపోతావో, నన్ను జైల్లో పెట్టిస్తావో నీ ఇష్టం. ఆ సూది మాత్రం పంపొద్దు."

మేడమ్ తలెత్తింది. "కాగితాన్ని అడిగాను నేను. రోజూ నా పక్కన టీ తాగే మనిషిని ఒక్కసారి అడగలేదు. నా తప్పు నీ తప్పుకేం తీసిపోదు."

అంతసేపూ గుడ్లప్పగించి వింటున్న మాదేవికి అప్పుడు అసలు సంగతి తట్టింది. "అంటే షుగరు నీదా అత్తా? ఆరేండ్లకు పైన నాతో చప్పిడి టీ తాగిస్తివే!"

బీరప్ప ఉన్న ఒక్క చేత్తో నోరు మూసుకున్నా నవ్వు ఆగలేదు. మాదేవి మాత్రం నవ్వలేదు. కూతురిని చంకనేసుకుని, వెనక్కి చూడకుండా గట్టు దిగిపోయింది. నెల రోజులు అత్తతో మాట్లాడలేదు. ఆ నెల రోజులూ తన టీలో రెండింతల బెల్లం వేసుకుని, అత్త ఎదురుగ్గా కూర్చుని తాగింది.

*

మేడమ్ ఆ పొద్దే ఫోన్లు చేసి మందు ఆపించింది. పుస్తకం పెట్టెలో పెట్టేసింది. సూది వేసుకున్న ఆడవాళ్లందరి ఇళ్లకూ తనే తిరిగింది. ఉరుకుందిలాంటి పిల్లలు ఇంకో ఇద్దరు బయటపడ్డారు. సీసాలు మార్చే అత్తలు ఒక్క గొర్లకుంటలోనే ఉంటారా? అందులో ఒక పిల్లవాడు మేడ మీద నుంచి దిగడానికి మెట్లెందుకని దూకాడు, కాలు అవిటిదైంది. ఆ సంగతి విన్న రోజు సుంకులమ్మ పొయ్యి వెలిగించలేదు. సుంకులమ్మ ఒక ఏడాది ముందు నోరు విప్పి ఉంటే ఆ కాలు నిలిచేది. ఆమెను ఎవరూ జైల్లో పెట్టలేదు, ఆమె కూడా తనను తాను వదిలిపెట్టలేదు.

ఉరుకుందిని ఎవరూ ఎక్కడికీ తీసుకుపోలేదు. ఊరంతటికీ సుంకులమ్మ పాఠం నేర్పింది. ఆ పిల్ల బావి వైపు నడిస్తే ఎదురొచ్చినవాళ్లు ఎవరైనా ముఖం పెట్టాలి. ఇప్పుడు దానికి అరవై ముఖాల కంచె ఉంది.

మళ్లీ మునుపటిలా గడప మీద టీ తాగడానికి చాలా రోజులు పట్టింది. తాగిన రోజు, పొద్దుగూకే వేళ, మేడమ్ ఒక గుండ్రాయి తెచ్చి మధ్యలో పెట్టింది. "ఆ జానెడు మట్టి సంగతి నాకు ఇంకా తేలలేదు సుంకులమ్మా. నీకేమనిపిస్తుంది?"

"నాకేం తెల్సు మేడమ్మా. గొర్ల సంగతైతే తెల్సు. గొర్లు జడుసుకుంటే గుంపై తలకాయలు లోపలికి దూరుస్తాయి. ఆ రాళ్లు యా పక్కకుండాయి?"

"గవికి బయటి పక్కకు."

"అయితే వాళ్లు తలకాయలు బయటికి పెట్టినారు."

మేడమ్ రాయి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "వీపులు ఒకరికొకరు ఆనించి," అంది, తనలో తాను. తర్వాత అడిగింది: "మరి ముందు ముందు మనిషి ఏమవుతాడంటావు?"

"అది నీ సదువుకే తెలీకపోతే నాకెట్ల తెలుస్తాది? అదిగో పిల్ల వస్తాంది. దాన్నే అడుగు."

ఉరుకుంది చేతిలో ఏదో పట్టుకుని వస్తోంది. పది అడుగుల దూరంలో ఆగి, ముందు అవ్వ ముఖం చూసింది, తర్వాత మేడమ్ ముఖం చూసింది. ఇద్దరి ముఖాలూ మారలేదు. అప్పుడు గుప్పెట తెరిచింది. లోపల ఒక మిణుగురు.

ఇదే నాయనా కథ. నా కేక నేను వేశాను. మీరిప్పుడు ఇళ్లకు పోతారు, పడుకుంటారు, రేపు పనుల్లో పడతారు. అయినా దీన్ని మనసులో పెట్టుకుని మీ పిల్లలకు చెప్పండి, వాళ్లను వాళ్ల పిల్లలకు చెప్పమనండి. ఎందుకని అడగొద్దు. ముందు అందుకోండి.